మధ్యలో వెళ్లిపోయినవాడు, మిగిలిపోయిన నలుగురు

పోయిన ఆదివారం రాత్రి పదిన్నర దాటాక మా మేనల్లుడు హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీద పడేసి, వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. "మామయ్యా, మా టీమ్‌లో ఒకడు మధ్యలో లీవ్ కొట్టాడు. మేం నలుగురం చివరిదాకా ఆడాం, ఓడిపోయాం. వాడికి కూల్‌డౌన్ పడింది, బాగానే ఉంది. మరి నా పాయింట్లు ఎందుకు పోవాలి?" అన్నాడు.

వాడు బీటెక్ రెండో ఏడు. హబ్సిగూడలో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. ఆడేది కౌంటర్ స్ట్రైక్ 2, ఐదుగురేసి ఉన్న రెండు జట్లు ఆన్‌లైన్‌లో తుపాకులతో తలపడే ఆట. కూల్‌డౌన్ అంటే మధ్యలో వదిలేసినవాణ్ణి కొంతసేపు ఆడనివ్వకపోవడం. పాయింట్లంటే ఆటగాడి ర్యాంకును తేల్చేవి. ఆ రాత్రి స్కోరు 9-9 దగ్గర ఉండగా జట్టులో ఒకడు వెళ్లిపోయాడట. ముందు 13 రౌండ్లు గెలిచినవాళ్లదే మ్యాచ్. ఇంకో నాలుగు గెలవాల్సిన చోట ఒక్కటే గెలవగలిగారు. ముప్పావుగంట కష్టం అక్కడితో పోయింది.

"ఆటన్నాక అంతేరా" అనేసి పెరుగు గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాను. వాడు ఇంకేం మాట్లాడకుండా వెళ్లి పడుకున్నాడు. నేను మాత్రం చాలాసేపు నిద్రపోలేదు. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను చెప్పింది జవాబు కాదు, ప్రశ్నను పక్కకు నెట్టడం.

వారం రోజులు దాని మీదే ఆలోచించాక నాకొకటి స్పష్టమైంది. మ్యాచ్ మధ్యలో వదిలేసేవాళ్ల గురించి ఎవరు మాట్లాడినా వాళ్లను ఏం చేయాలి అన్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. ఎన్ని రోజులు బ్యాన్ చేయాలి, ఎన్నిసార్లు క్షమించాలి, ఇదే గొడవ. మిగిలిపోయినవాళ్లకు ఏం ఇవ్వాలన్న ప్రశ్న చివర్లో ఎప్పుడో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. నా ఉద్దేశంలో వరస తిరగబడాలి. ముందు మిగిలినవాళ్ల ఆట సంగతి చూడాలి. వెళ్లినవాడు కట్టే మూల్యం వాళ్లకే చేరాలి.

నీళ్ల ట్యాంకు వెనక ఆట

ఈ వరస నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మల్కాజిగిరిలో మా కాలనీ నీళ్ల ట్యాంకు వెనక 1995, 96లో మేం ఆడిన క్రికెట్‌లో ఉన్నదే. బ్యాటింగ్ అవ్వగానే "మా అమ్మ పిలుస్తోంది" అని ఇంటికి పరిగెత్తే కుర్రాడు ప్రతి కాలనీలోనూ ఉంటాడు. మాకు ఇద్దరుండేవాళ్లు, అన్నదమ్ములు. బ్యాటు వాళ్లదే కావడం ఇంకో బాధ.

మాకంటే నాలుగేళ్లు పెద్దవాడు ఒకడుండేవాడు, శీనన్న అనేవాళ్లం. ఆ కుర్రాడు వెళ్లిన మరుక్షణం శీనన్న చేసే పని వాణ్ణి తిట్టడం కాదు. మిగిలినవాళ్లను లెక్కపెట్టేవాడు. ఒకడు తక్కువైతే అవతలి జట్టులోంచి ఒకణ్ణి 'కామన్' చేసేవాడు, రెండు వైపులా ఫీల్డింగ్ చేయడానికి. అదీ కుదరకపోతే లాస్ట్ మ్యాన్ బ్యాటింగ్ ఇచ్చేవాడు, అంటే ఆఖరివాడు అవతలి ఎండ్‌లో తోడు లేకుండా ఒక్కడే ఆడొచ్చు. రెండు నిమిషాల్లో ఆట మళ్లీ నిలబడేది. వెళ్లినవాడి సంగతి మర్నాడు సాయంత్రం. "నిన్న ఫీల్డింగ్ ఎగ్గొట్టావు, ఇవాళ ముందు ఫీల్డింగ్ చెయ్, బ్యాటింగ్ ఆఖర్న" అనేవాడు. తమ్ముడు రాకపోతే ఆ ఫీల్డింగ్ బాకీ అన్న తీర్చాల్సిందే. అమ్మ నిజంగా పిలిచిందా లేదా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఆ వయసులో నాకిది మామూలు సంగతిలా కనిపించింది. ఇప్పుడు తలచుకుంటే అందులో ఎంత ఆలోచన ఉందో అర్థమవుతోంది. వెళ్లినవాడు ఎగ్గొట్టింది ఫీల్డింగ్, కట్టాల్సిందీ ఫీల్డింగే. ఆ కష్టం పడ్డవాళ్లకే అది తిరిగి వచ్చేది. వాణ్ణి వారం రోజులు ట్యాంకు దగ్గరికి రానివ్వకపోతే మాకేం ఒరిగేది? ఇంకొకడు తగ్గేవాడు, అంతే.

శిక్ష సరే, పరిహారం ఏది

ఆటలు తయారుచేసేవాళ్లు ఏమీ చేయలేదని అనను. కౌంటర్ స్ట్రైక్‌లో మ్యాచ్ వదిలేస్తే మొదటిసారి 30 నిమిషాలు, తర్వాత 2 గంటలు, ఆపైన 24 గంటలు, చివరికి 7 రోజులు ఆడనివ్వరు. ఇలాగే ఐదుగురేసి జట్లుగా ఆడే ఇంకో ఆట డోటా 2లో అయితే పదే పదే వదిలేసేవాళ్లను వేరే వరసలో పడేస్తారు. అక్కడ తమలాంటివాళ్లతోనే కలిసి ఆడి, చెప్పినన్ని మ్యాచ్‌లు గెలిస్తే తప్ప మామూలు ఆటలోకి రానివ్వరు. వీటిలో తప్పేమీ లేదు.

మిగిలినవాళ్ల కోసం చేసినవీ లేకపోలేదు. కౌంటర్ స్ట్రైక్‌లో ఒకప్పుడు వెళ్లినవాడి స్థానంలో బాట్, అంటే కంప్యూటరే ఆడించే ఆటగాడు, వచ్చేది. అది ఉన్నా లేనట్టే, ఆటలో అరటిపండు. ర్యాంక్ మ్యాచ్‌ల్లో దాన్ని తీసేసి, ఆ బదులు తక్కువమందితో ఆడుతున్న జట్టులో ఒక్కొక్కరికి రౌండు ఓడినప్పుడు 1000 డాలర్ల ఆట డబ్బు అదనంగా ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి తుపాకీ కొనుక్కోవచ్చు. నాకు ఈ మార్పు చాలా నచ్చింది, ఎందుకంటే ఇది శీనన్న ఇచ్చిన లాస్ట్ మ్యాన్ బ్యాటింగ్‌లాంటిదే. డోటాలో డిస్కనెక్ట్ అయినవాడు మొత్తం 5 నిమిషాల్లో రాకపోతే వదిలేసినట్టు లెక్క, ఆ తర్వాత మిగిలినవాళ్లు ఏ పెనాల్టీ లేకుండా వెళ్లిపోవచ్చు. అదీ మంచి నియమమే.

కానీ మా వాడు అడిగింది పాయింట్ల గురించి. నలుగురితో మ్యాచ్ ఓడితే ఐదుగురితో ఓడినట్టే లెక్కగట్టడం ఎలా సమంజసం? ర్యాంకు అనేది ఆటగాడి సత్తాకు కొలత అంటున్నాం. ఐదుగురు ఆడాల్సిన ఆటను నలుగురితో ఓడితే ఆ ఓటమి వాళ్ల సత్తా గురించి చెప్పేది చాలా తక్కువ. తక్కువ చెప్పేదానికి తక్కువే కోయాలి.

లెక్క కోసం ఒక ఓటమికి 100 పాయింట్లు పోతాయనుకుందాం. జట్టు మొత్తం మీద 500. మిగిలిన నలుగురికి 25 చొప్పున పోనివ్వండి, అది 100. మిగతా 400లో 100 వెళ్లినవాడి సొంత ఓటమి, ఇంకో 300 వాడు ఆ నలుగురి తరఫున కట్టాల్సిన బాకీ. గెలిచినవాళ్ల పాయింట్లకు కూడా లోటు రాదు. ఆ మాటకొస్తే వాళ్లకూ కొంత తగ్గించినా నేను తప్పు పట్టను. అవతలివైపు ఒకడు వెళ్లిపోయిన మ్యాచ్ గెలిచి వచ్చి మా వాడే ఒకసారి "గెలిచాం కానీ మజా రాలేదు మామయ్యా" అన్నాడు.

దీనికి వచ్చే పెద్ద అభ్యంతరం నాకు తెలుసు. ఐదుగురు స్నేహితులు ఆడుతుంటారు, ఓడిపోయేలా ఉంది. ఒకణ్ణి బలిచ్చి బయటకు పంపేస్తే మిగతా నలుగురి పాయింట్లు మిగులుతాయి. రేపు ఇంకొకడి వంతు. లేదా ఎవరికీ పనికిరాని పాత అకౌంట్ ఒకటి వెంటబెట్టుకుని తిరుగుతారు. ఇది ఊహ కాదు, దారి దొరికితే జనం తప్పకుండా చేసేదే. అందుకే అన్నదమ్ముల నియమం కావాలి. కలిసి ఒక గుంపుగా ఆటలోకి వచ్చినవాళ్లలో ఒకడు వెళితే, ఆ బాకీ వాడితో వచ్చినవాళ్లందరిదీ. తగ్గింపు దక్కేది ఒంటరిగా వచ్చి ఆ జట్టులో పడ్డవాళ్లకే. ఐదుగురూ స్నేహితులే అయితే తగ్గింపే లేదు. దీనివల్ల నిజంగా ఏ కుట్రా లేని స్నేహితులు కూడా అప్పుడప్పుడు నష్టపోతారు. నిజమే. కానీ మనతో వచ్చినవాడి బాధ్యత కొంత మనమీద ఉండటం నాకు అన్యాయంగా అనిపించదు. ముక్కూమొహం తెలియని నలుగురి మీద ఆ బరువు పడేయడమే అన్యాయం.

స్కూట్ చెప్పే హక్కు

ఇంకో సంగతి ఉంది. కొందరు దుర్మార్గంతో వెళ్లరు. ఆట పోయిందని తెలిసిపోయాక, ఇంకో పావుగంట కూర్చుని ఓడటం భరించలేక వెళతారు. వాళ్లకు గౌరవంగా బయటికెళ్లే తలుపు ఉందా?

మన ఇళ్లలో రమ్మీ ఆడేవాళ్లకు ఆ తలుపు తెలుసు. పెళ్లి విడిదింట్లో, సంక్రాంతికి తాతయ్య వాళ్ల అరుగు మీద ఎన్నిసార్లు చూశామో. ముక్కలు బాగోలేకపోతే మొదట్లోనే స్కూట్ చెప్పి 20 పాయింట్లు రాయించుకోవచ్చు. ఒక ముక్క తీశాక మిడిల్ స్కూట్ అయితే 40. చివరిదాకా ఉండి చేతిలో ఏమీ లేకుండా దొరికితే ఫుల్ కౌంట్, 80. స్కూట్ చెప్పినవాణ్ణి ఎవరూ పిరికివాడనరు, మోసగాడనరు. వెళ్లిపోవడం కూడా ఆటలో ఒక ఎత్తే. దాని ధర ముందే తెలుసు, ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది. డబ్బు పెట్టి ఆడే రమ్మీని నేను సమర్థించడం లేదు, తెలంగాణలో ఆన్‌లైన్‌లో దాన్ని 2017లోనే నిషేధించారు, అది జరగడమే మంచిది. నేనంటున్నది ఆ నియమంలోని పెద్దరికం గురించి.

అయితే రమ్మీలో స్కూట్ చెబితే నష్టపోయేది చెప్పినవాడే. ఐదుగురి జట్టులో స్కూట్ చెబితే నలుగురు మునుగుతారు. కాబట్టి ఈ తలుపుకు రెండు షరతులుండాలి. మధ్యలో చెప్పకుండా మాయమైతే పడేదానికంటే, బటన్ నొక్కి చెప్పి వెళితే తక్కువ పడాలి. చెప్పి వెళ్లిన క్షణం నుంచే మిగిలినవాళ్లకు ఆ అదనపు ఆట డబ్బు, పాయింట్ల తగ్గింపు మొదలవ్వాలి. వాడు వస్తాడేమోనని నలుగురూ రెండు మూడు రౌండ్లు ఎదురుచూస్తూ చావడం ఉండదు.

ఇక్కడే నాకు గట్టి అనుమానం వచ్చింది. 2000లో యూరి గ్నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం అచ్చువేశారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని చూసుకునే డే కేర్ సెంటర్లలో, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. అంతకుముందు టీచరమ్మ ఎదురుచూస్తోందన్న మొహమాటం ఉండేది. జరిమానా పెట్టాక అది డబ్బిచ్చి కొనుక్కునే సేవ అయిపోయింది. ఇంకా బాధాకరం ఏంటంటే, జరిమానా తీసేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు.

స్కూట్‌కు ధర పెడితే ఇదే జరగదా? నలుగురి పట్ల ఉన్న కాస్త మొహమాటాన్ని కూడా 20 పాయింట్లకు అమ్మేసినట్టు కాదా? రెండు రోజులు ఇదే నన్ను తొలిచింది. చివరికి నేను తేల్చుకున్నది ఇది. హైఫాలో జరిమానా చిన్నది, ఎన్నిసార్లు ఆలస్యమైనా అంతే. పదోసారి వెళ్లినా మొదటిసారి ధరే అయితే అది టికెట్టు. ప్రతిసారీ పెరుగుతుంటే టికెట్టులా అలవాటు కాదు. నెలలో ఒకసారి స్కూట్ చెబితే 20, రెండోసారి 60, మూడోసారి తలుపు మూసెయ్యాలి. ఆ అనుమానం పూర్తిగా తీరిందని చెప్పను. కానీ తలుపు లేని గదిలో ఉండేవాడు కిటికీ పగలగొట్టుకుని పోవడం ఇప్పుడు రోజూ చూస్తున్నదే.

కారణం అడగొద్దు

2025 ఆగస్టులో మా పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో స్తంభాల మీద వేలాడే కేబుళ్లు ఎక్కడికక్కడ కోసేశారు. ప్రాణాలు పోయిన చోట ఇంటర్నెట్ గురించి బాధపడటం నాకు చేతకాదు, ఆ పని ఎందుకు చేశారో అందరికీ తెలుసు. కానీ అలా మా వీధిలో కేబుల్ కోసేసిన రోజు సాయంత్రం మా వాడు మ్యాచ్ మధ్యలో ఉన్నాడు. ఎక్కడో నలుగురికి వాడే ఆ వదిలేసినవాడు. వాళ్లు వాణ్ణి ఏమని తిట్టుకున్నారో!

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి లోపలికి వచ్చేసరికి పెనాల్టీ పడి ఉంది. "నా తప్పు కాదు కదా" అన్నాడు. కాదు. అయినా ఆ పెనాల్టీ సరైనదే అంటాను. కేబుల్ తెగిందా, వైఫై వైరు వాడే పీకాడా అన్నది ఏ సర్వరూ తేల్చలేదు. తేల్చాలని చూస్తే అబద్ధం బాగా చెప్పగలిగేవాడే గెలుస్తాడు. అమ్మ పిలిచిందా అని శీనన్న అడగకపోవడంలో ఉన్న తెలివి ఇదే. కారణం అడగకుండా, మొదటిసారి అందరికీ మెత్తగా, తర్వాత్తర్వాత గట్టిగా ఉంటే చాలు. నేను చెప్పిన 300 బాకీ కూడా మొదటిసారి వేయకూడదు. మొదటిసారి వాడి 100 వాడు పోగొట్టుకుంటాడు, నలుగురి తగ్గింపును ఆటే భరించాలి. బాకీ రెండోసారి నుంచి. కేబుల్ ఎప్పుడో ఒకసారి తెగుతుంది. వారానికి మూడుసార్లు తెగేవాడు కారణం ఏదైనా సరే, కొన్నాళ్లు ర్యాంక్ మ్యాచ్‌లు మానేయడమే మిగతావాళ్లకు మంచిది.

ఆ మూడు రోజులు నెట్ లేక మా వాణ్ణి తార్నాక దగ్గర ఒక గేమింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. 2003లో కౌంటర్ స్ట్రైక్ 1.6 కొత్తగా వచ్చినప్పుడు ఇలాంటి చోటే గంటకు ఇరవై రూపాయలిచ్చి ఆడేవాళ్లం. అప్పట్లో మధ్యలో వదిలేసేవాడు లేడు. పక్క కుర్చీలోనే కూర్చుని ఉంటాడు కదా, లేస్తే నలుగురి మొహాలు చూడాలి.

ఆ సెంటర్లో ఇంటర్ కుర్రాడొకడు గంటకు డబ్బు కట్టి ఆడుతున్నాడు. పదకొండో రౌండులో స్క్రీన్ మూలన అయిదు నిమిషాలే మిగిలిందని వచ్చింది. వాడికి టెన్షన్ మొదలైంది. జేబులు తడుముకుంటూ కౌంటర్ వైపు చూశాడు. ఓనరు లేవకుండానే "ర్యాంకెడా?" అని అడిగాడు. అవునన్నాడు కుర్రాడు. "ఆడుకో, లాక్ చెయ్యను. అయ్యాక చూద్దాం" అని నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తర్వాత నేను అడిగితే, ఒకడి టైం అయిపోయిందని ఎక్కడో ఉన్న నలుగురి ఆట చెడగొట్టకూడదని తను ఆ పద్ధతి పెట్టుకున్నానని, మర్నాడు పిల్లలు పది ఇరవై తెచ్చి ఇచ్చేస్తారని చెప్పాడు. కొందరు ఇవ్వరు. వాళ్లకు మాత్రం ఆ తర్వాత టైం అయిన క్షణంలో లాక్ పడుతుంది.

వెళ్లగొట్టినవాడు

ఇదంతా ఆలోచించాక ఒక రోజు రాత్రి అన్నం తింటుంటే మా వాణ్ణి అడిగాను, అసలు ఆదివారం ఆ కుర్రాడు ఎందుకు వెళ్లిపోయాడని. ముందే అడగాల్సింది.

"మా ఫ్రెండ్ కొంచెం తిట్టాడు" అన్నాడు.

"కొంచెమంటే?"

"ఆరేడు రౌండ్లు."

వీళ్లు ముగ్గురు క్లాస్‌మేట్లు కలిసి ఆడుతున్నారు. మిగతా ఇద్దరు ఎవరో తెలియనివాళ్లు. ఆ ఇద్దరిలో ఒకడిది సన్నటి గొంతు, హిందీలో మాట్లాడుతున్నాడు, బహుశా చిన్నపిల్లాడు. ఒక తప్పు చేశాడు, రౌండు పోయింది. అప్పట్నుంచి మా వాడి స్నేహితుడు మైకులో వాణ్ణి, వాళ్ల అమ్మను తిడుతూనే ఉన్నాడట. మా వాడు తిట్టలేదు. ఆపనూ లేదు. ముందు ఆ పిల్లాడు మైకు కట్టేసుకున్నాడు. స్కోరు 9-9 అయ్యాక వెళ్లిపోయాడు.

నా లెక్క మొత్తం మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. ఆ 300 బాకీ ఎవరిది? ఆట రికార్డులో వదిలేసినవాడు ఒక్కడే ఉన్నాడు. కూల్‌డౌన్ ఆ పిల్లాడికి పడింది. తిట్టినవాడి మీద ఎక్కువ రిపోర్టులు వస్తే వాడి మైకు ఇతరులకు వినపడకుండా చేసే పద్ధతి కౌంటర్ స్ట్రైక్‌లో ఉంది, కానీ అది తర్వాతి మ్యాచ్‌ల సంగతి. ఆ రాత్రి ఆ పిల్లాడు పోగొట్టుకున్నది తిరిగి రాదు. మిగిలినవాళ్లను ఓటు అడుగుదామంటే ముగ్గురు స్నేహితులు ఒకవైపు, ఒక్కడు ఒకవైపు. ఆ ఓటుకు విలువేముంది? తిట్టినట్టు ఎవరైనా రిపోర్టు చేస్తే బాకీ మారిపోతుందంటే, వెళ్లే ప్రతివాడూ పోతూ పోతూ ఒక రిపోర్టు కొట్టి పోతాడు. ఇక్కడ మాత్రం కారణం అడగొద్దన్న నా మాట నిలబడదని ఒప్పుకుంటున్నాను. మ్యాచ్‌లో వాయిస్ రికార్డై ఉండాలి, ఎవరైనా వదిలేసి వెళ్లిన మ్యాచ్‌ల్లో మాత్రమే దాన్ని వినాలి. అన్నీ వినడం ఎవరివల్లా కాదు, అందరి మాటలూ ఎప్పుడూ వినడం నాకు ఇష్టం కూడా లేదు.

"నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. నీకు పాతిక కాదు, వందా పోవాల్సిందే. మీ ముగ్గురూ కలిసొచ్చారు. తగ్గింపు ఆ అయిదోవాడికి ఒక్కడికే" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, నాకు పోనీ. మరి ఆ పిల్లాడి బాకీలో తిట్టిన మా ఫ్రెండ్ ఎంత కట్టాలి?" అన్నాడు.

"సగం."

"సగం ఎక్కువ మామయ్యా. వెళ్లింది వాడే కదా. పావు."

పళ్లేలు కడిగేదాకా వాదించుకున్నాం. నేను సగం నుంచి దిగలేదు, వాడు పావు నుంచి కదల్లేదు.